ఎండలు ముదిరితే వారానికోసారి నీళ్లు పారబోస్తే చాలదు

డెంగీ, చికున్‌గున్యా, జికా మూడింటినీ ప్రధానంగా మోసుకొచ్చేది ఏడిస్ ఈజిప్టై దోమ. గుడ్డు పగిలి, లార్వా పెరిగి దోమగా ఎగరడానికి చల్లటి రోజుల్లో రెండు వారాలు దాటుతుంది. 30 డిగ్రీల దగ్గర వారం, ఎనిమిది రోజులు చాలు. దోమ కడుపులో చేరిన వైరస్ దాని లాలాజల గ్రంథులకు చేరే సమయం కూడా వేడికి తగ్గుతుంది. వారానికోసారి నీళ్లు పారబోసే అలవాటుంటే, వేడి నెలల్లో దాన్ని ఐదు రోజులకు మార్చండి. వానలు లేవు కదా అని ఊరుకోవద్దు. నీటి ఎద్దడి వస్తే డ్రమ్ముల్లో నిల్వ పెరుగుతుంది, దోమకు అదే కావాలి.

పారబోస్తే పని అయిపోయిందనుకోవడమే అసలు పొరపాటు. ఈ దోమ గుడ్లు పెట్టేది నీటిమట్టానికి కాస్త పైన, తడి గోడ మీద. ఎండిపోయినా అవి నెలల తరబడి బతికుంటాయి, నీళ్లు తగలగానే పగులుతాయి. అందుకే ఖాళీ చేశాక లోపలి గోడను గరుకు బ్రష్షుతో, డిటర్జెంటుతో గట్టిగా రుద్ది, ఆ నీళ్లను పొడినేల మీద పోయాలి. మూతకు సందుంటే దోమకు నీడ కూడా ఇచ్చినట్టే. మూత సరిగ్గా పట్టకపోతే సన్నటి వల బిగించండి, అది జారి నీళ్లను తాకకూడదు.

కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, చూరు గొట్టం, పాత టైర్లు కూడా చూడాలి. టైరును ఎలా తిప్పినా లోపలి వంపులో నీళ్లు మిగులుతాయి, దాన్ని వాన తగలని కప్పు కిందికి చేర్చడం మేలు.

ఖాళీ చేయలేని నీళ్లలో లార్వాలను చంపే మందు, 1 శాతం టెమెఫాస్ గుళికలు, 100 లీటర్లకు 10 గ్రాములు వేయాలి. డ్రమ్ము వ్యాసార్ధం 30, లోతు 70 సెంటీమీటర్లయితే 3.14×30×30×70÷1000, అంటే సుమారు 198 లీటర్లు. 20 గ్రాములు చాలు. లెక్క ఇప్పుడున్న నీటికి కాదు, నిండు డ్రమ్ముకు. తోడుతూ నింపుతూ ఉంటే మందు పలచబడుతుంది. సరైన మోతాదు వేసినా రెండు రోజుల తర్వాత లార్వాలు కదులుతుంటే, వాటికి ఆ మందు పనిచేయడం లేదని అనుమానించి, బ్యాక్టీరియాతో తయారయ్యే లార్వా మందు బీటీఐకి మారండి.

ఫాగింగ్ మీద మాకంత నమ్మకం లేదు. అది ఆ క్షణాన ఎగిరే దోమలనే చంపుతుంది. ఏడిస్ ఎక్కువగా ఇంట్లో పరదాల వెనక, మంచాల కింద కూర్చుంటుంది. తలుపులు మూసుకుంటే పొగ వీధికే పరిమితం.

ఇంట్లో ఎవరికైనా డెంగీ వస్తే తొలి వారం పగలు కూడా దోమతెరలోనే ఉంచండి, కుట్టిన దోమకు వైరస్ ఎక్కేది అప్పుడే. తొలి ఐదు రోజుల్లో డెంగీని గుర్తించడానికి ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష పనికొస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే ప్రమాదకరం: తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.