తుఫాను వీడియో పెట్టే ముందు

మాది దివిసీమ. వాతావరణం మీద యూట్యూబ్‌లో వీడియోలు చేస్తుంటాను. "అన్నా, మేమూ ఛానెల్ పెడతాం, ఎలా మాట్లాడాలి?" అని అడిగే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. మ్యాపులు చదవడం ఎవరైనా నేర్పుతారు. మీ మాట విన్నాక అవతలి మనిషి ఏం చేస్తాడో, అది ముందు పట్టుకోండి.

నవంబరు, డిసెంబరుల్లో మావైపు వరి కోతలు. మీరు "శుక్రవారం కుండపోత" అన్నారనుకోండి. పూర్తిగా పండని చేను కూడా రాత్రికి రాత్రే కోయించేస్తారు. అందరూ ఒకేసారి ఎగబడేసరికి కోత మిషన్ అద్దె పెరిగిపోతుంది. తేమ ఎక్కువుందని ధాన్యానికి ధర తగ్గిస్తారు. తీరా వాన పడకపోతే ఆ నష్టం మీ నోటి మాట వల్లే. అలాగని నోరు మూసుకు కూర్చుంటే పనలు, అంటే కోసి చేలో పరిచిన వరి, పొలంలోనే తడిసి గింజ మొలకెత్తుతుంది.

అందుకే "వాన వస్తుంది" అని ఊరుకోకూడదు. ఏ మండలాలకు, ఎప్పటి నుంచి, ఎవరు ఏం చేయాలో చెప్పాలి. నేనైతే ఇలా అంటాను: "గురువారం సాయంత్రం నుంచి అవనిగడ్డ, నాగాయలంక వైపు వాన పడే అవకాశం ఎక్కువ. చేను పనల మీదున్నవాళ్లు రేపటికల్లా కుప్ప వేసుకోండి. చేను ఇంకా పచ్చిగా ఉంటే తొందరపడి కోయకండి, నీళ్లు పోయేలా బోదెలు తీసుకోండి. మళ్లీ రేపు పొద్దున ఎనిమిదింటికి చెబుతాను." ఆ చివరి మాట అన్నారంటే ఎనిమిదింటికి రావాల్సిందే. అంచనా మారితే ఆ సంగతే వీడియోలో మొదటి మాటగా చెప్పండి, పాతది గుట్టుగా డిలీట్ చేసేసి కాదు.

వాతావరణాన్ని అంచనా వేసే అమెరికా వాళ్ల కంప్యూటర్ మోడల్ జీఎఫ్ఎస్ రోజుకి 4 సార్లు కొత్త లెక్క ఇస్తుంది, 16 రోజుల ముందు దాకా చూపిస్తుంది. పదో రోజు దగ్గర బంగాళాఖాతంలో ఎర్రగా ఒక సుడి కనిపిస్తుంది. పొద్దున అది మచిలీపట్నం మీదుంటే సాయంత్రానికి ఒడిశా పోతుంది, మర్నాడు అసలు ఉండనే ఉండదు. దాన్ని థంబ్‌నెయిల్‌ మీద పెడితే వ్యూస్ వస్తాయి, కాదనను. నేను మాత్రం అయిదు రోజులు దాటినదానికి ఊరి పేరు చెప్పను. పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఫోన్ చేసి బతిమాలినా సరే.

గాలి వేగం గంటకు 62 కి.మీ.కి చేరితేనే వాయుగుండం తుఫాను అవుతుంది, పేరు పెట్టేదీ అప్పుడే. అల్పపీడనం దగ్గరే పేరు పెట్టి పిలిచేవాళ్లకి అంత తొందరేమిటో! "అతి భారీ" అన్నది కూడా నోటికొచ్చినట్టు వాడేది కాదు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 12 నుంచి 20 సెం.మీ. పడితే అతి భారీ. ఇక ఉప్పెన అంటారా, మా ఊళ్లో 1977 నవంబరు 19 చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట చెవిన పడితే వాళ్లకి రాత్రి నిద్ర ఉండదు. శాఖ బులెటిన్‌లో అలల ఎత్తు, ప్రాంతం ఇచ్చాకే ఆ మాట ఎత్తుతాను.

తీరం దాటేటప్పుడు మరీ జాగ్రత్త. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి నెమ్మదించే చోటు, విశాఖ మీదుగా వెళ్లింది. కన్ను మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారి ఆగుతుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలవుతుంది. కాబట్టి గాలి తగ్గగానే "గండం గడిచింది" అనేయకండి. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక వంశధారకు వరద వచ్చింది. ఏటి పక్క ఊళ్లకి అసలు కష్టం అప్పుడే.

పాత తుఫాను వీడియోని లైవ్ అని పెట్టేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 54వ సెక్షన్ ఉంది. జనం బెంబేలెత్తేలా తప్పుడు హెచ్చరిక పుట్టించినా, ప్రచారం చేసినా ఏడాది దాకా జైలు, లేదా జరిమానా.

"మీ దగ్గర ఎలా ఉందో వీడియో తీసి పంపండి" అని మాత్రం ఎప్పుడూ అడగకండి. మీ మీద అభిమానంతో ఎవడో ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని సముద్రం గట్టుకి పోతాడు. కరెంటు ఉందా, గాలి ఏ వైపు నుంచి కొడుతోంది, ఇంటి ముందు నీళ్లు ఎంత దాకా వచ్చాయి, గుమ్మం దాటకుండా చెప్పగలిగినవే అడగండి.