ఇటలీ కొండ ఊళ్ళకు అమ్మానాన్నలతో వెళ్ళేవారికి వేసవి జాగ్రత్తలు

గత జూలైలో చివితా ది బాన్యోరేజో ఊరికి వెళ్ళే కాలివంతెన మీద ఒక తెలుగు కుటుంబం మాకు ఎదురైంది. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సుమారు 300 మీటర్ల పొడవున్న ఆ వంతెన మీద చెట్టు నీడ లేదు, సందర్శకుల బండ్లు వెళ్ళే వీలు లేదు, ఊరి గుమ్మం దగ్గరపడేకొద్దీ ఎక్కుడు నిటారవుతుంది. డెబ్బై దాటిన పెద్దాయన ఆ చివరి ఎక్కుడులో కమ్మీ పట్టుకుని ఆగిపోయారు. "వచ్చేశాం నాన్నా, ఇంకొంచెమే" అంటూ కొడుకు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. అంత ఎండలోనూ పెద్దాయన చొక్కా వీపు మీద పొడిగా ఉంది. నన్ను చూసి "బస్సు వచ్చిందా అమ్మా?" అని అడిగారు. అక్కడ బస్సు లేదు. చెమట ఆగిపోయి మాట పొంతన తప్పిందంటే అది వడదెబ్బ. ఆయన ప్రాణం దక్కింది గాని, ఆ కుటుంబం మిగిలిన సెలవులన్నీ ఆసుపత్రి వరండాలోనే గడిపింది.

పాస్‌పోర్టు, డబ్బు, జేబుదొంగల సంగతి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. చాలా కుటుంబాల్లో నేను చూసిన తప్పు ఒక్కటే: పగలు పన్నెండు నుంచి ఆరు గంటల మధ్య పెద్దలనూ పసివాళ్ళనూ కొండ ఎక్కించడం. 2024 జూన్‌లో గ్రీసు దీవుల్లో ఎండవేళ నడకకు వెళ్ళి పలువురు పర్యాటకులు చనిపోయినట్టు వార్తలు వచ్చిన తరువాత కూడా ఈ తప్పు ఆగలేదు.

"రామగుండం ఎండలు చూసినవాళ్ళం, ఇక్కడి ముప్పై ఆరు డిగ్రీలు ఒక లెక్కా?" అని మనవాళ్ళు అంటారు. రోహిణి కార్తెలో ఒంటిగంటకు మీ అమ్మగారిని ఏ కొండ ఎక్కించారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆవిడ ఆ వేళకు తలుపులు వేసుకుని, ఫ్యాను కింద, మజ్జిగ తాగి పడుకునేవారు. అదే మనిషిని విమానం దిగిన రెండో రోజే, నిద్ర కూడా కుదరకముందే, రాళ్ళు పరిచిన ఏటవాలు సందుల్లో నడిపిస్తున్నాం. డిగ్రీలు తక్కువైనా గుండె మీద పడే భారం ఎక్కువ.

గడియారం సంగతి కూడా తెలుసుకోవాలి. ఇటలీలో వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి, నడి ఇటలీలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంటా పావుకు. అక్కడ సాయంత్రం నాలుగంటే మన ఊళ్ళో మూడుతో సమానం, అంటే వేడి పతాక స్థాయిలో ఉండే వేళ. పొద్దు గుంకేది జూన్, జూలైలలో తొమ్మిదికి కాస్త ముందు. కాబట్టి "నాలుగింటికి చల్లబడుతుంది" అన్న మన లెక్క అక్కడ పనికిరాదు. ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా, మళ్ళీ సాయంత్రం ఆరున్నర తరువాత తిరగడానికి కావలసినంత వెలుతురు ఉంటుంది.

ప్రయాణం: తప్పు మొదలయ్యేది ఇక్కడే. రోమ్‌లో తీరిగ్గా టిఫిన్లు ముగించి పదిన్నరకు రైలెక్కితే ఓర్వియేతోలో దిగేసరికి పన్నెండు అవుతుంది. వీలైతే కొండ ఊళ్ళోనే రెండు రాత్రులు ఉండండి. ఒకే రోజు మూడు ఊళ్ళు చుట్టే పథకం వేయకండి. చాలా ఊళ్ళకు స్టేషను లోయలో ఉంటుంది, ఊరు పైన ఉంటుంది. అస్సీసీకి బస్సు, ఓర్వియేతోకు స్టేషను ఎదురుగానే ఫ్యునికులర్ అనే ఏటవాలు రైలు, పెరూజాలో రొక్కా పావొలీనా అనే పాత కోట గుండా ఎస్కలేటర్లు ఉన్నాయి. నడిచి ఎక్కకండి.

బస: రాతి ఇళ్ళు చల్లగా ఉంటాయన్న మాట నిజమే గాని, పెంకుల కింది పై అంతస్తు రాత్రి దాకా కాగుతూనే ఉంటుంది. ఏసీ ఉందా, ఎన్నో అంతస్తు, ఎన్ని మెట్లు అన్నది ముందే అడగండి. గాలి కోసం మనం పగలు కిటికీలు తెరుస్తాం. అక్కడివాళ్ళు పగలు చెక్క రెక్కలు మూసి, రాత్రి తెరుస్తారు. వాళ్ళు చేసినట్టే చేయండి.

మందులు: బీపీకి నీరు దిగే మాత్రలు వాడేవారు వేసవి మోతాదు గురించి బయలుదేరే ముందే డాక్టరును అడగాలి, సొంతంగా మానకూడదు. ఇన్సులిన్‌ను కారులో వదలకండి, 30 డిగ్రీలు దాటితే పాడవుతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంటి నుంచే తెచ్చుకోండి, ఎందుకంటే చిన్న ఊళ్ళలో మందుల షాపులు మధ్యాహ్నం మూసేస్తారు.

ఇటలీ ఆరోగ్య శాఖ వేసవిలో 27 నగరాలకు వేడి హెచ్చరికలు ఇస్తుంది. వాటిలో పెరూజా, వితెర్బో ఉన్నాయి. ఎరుపు హెచ్చరిక ఉన్న రోజు పెద్దలను పగలు బయటికి తీసుకెళ్ళకండి.

పన్నెండు దాటితే కొండ ఎక్కకండి, టికెట్ కొన్నా సరే.

భోజనం పన్నెండున్నర, రెండు మధ్య ముగించండి. ఆ తరువాత వంటశాలలు మూసి ఏడింటికి గాని తెరవరు. శాకాహారం వెతుక్కుంటూ ఎండలో తిరిగి పడిపోయినవాళ్ళున్నారు.

పెరుగన్నం డబ్బా దగ్గర ఉంచుకోండి.

ఓర్వియేతోలో పొత్సో ది సాన్ పత్రీత్సియో అనే బావిలోకి దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి 248. లోపల చల్లగా ఉంటుంది గనుక అలుపు తెలియదు. గుండె జబ్బు ఉన్నవారిని దింపకండి.

కుళాయి మీద "నోన్ పొతాబిలే" అని ఉంటే ఆ నీళ్ళు తాగకండి.

పిల్లలను ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషం కూడా వదలకండి.

"ఫర్వాలేదు" అన్న పెద్దల మాట నమ్మకండి. మీ సరదా చెడుతుందని వాళ్ళు నిజం చెప్పరు. చొక్కా తాకి చూడండి, ఇవాళ ఏ వారమో అడగండి.

మాట తడబడితే వెంటనే 112కు ఫోన్ చేయండి. నీడకు చేర్చి, తువ్వాలు తడిపి మెడకు, చంకలకు పెట్టి విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. పారసెటమాల్ ఇవ్వకండి, ఆ వేడి దానితో తగ్గదు.

వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల బీమా పత్రం ఒకసారి చదవండి, పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చూడండి. బస చిరునామా, బీమా ఫోన్ నంబరు, వాడే మందుల పేర్లు కాగితం మీద రాసి పెద్దవాళ్ళ జేబులోనే పెట్టండి.