సంగటి కుండ కావాలంటే నేరుగా కుమ్మరి ఇంటికే పోండి, ఏం అడగాలో ఏం చూడాలో చెప్తా

మట్టికుండలు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి, థర్మకోల్ పెట్టి నీట్‌గా ప్యాక్ చేసి పంపిస్తారు, కానీ ఎవరు చేసినారో ఏ మట్టో ఏమీ తెలీదు, రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మన కర్నూలు, కడప, అనంతపురం పక్క సారె, అంటే కుమ్మరి చక్రం, తిప్పే ఇళ్ళు తగ్గినాయి గానీ ఇంకా ఉండాయి, సంతలో కుండలు అమ్మే అక్కను "యాడ చేస్తారు మీరు" అని అడిగితే చాలు ఊరు పేరు చెప్తాది.

పోయే ముందు టైము చూసుకోండి. వానల్లో పని దాదాపు ఆగిపోతాది, ఎందుకంటే పచ్చి కుండ నీడలో నిదానంగా ఆరాల, ఆవానికి, అంటే కుండలు కాల్చే బట్టీకి, కట్టెలు, పిడకలు, గడ్డి అన్నీ ఎండుండాల, కాలుతాండేటప్పుడు గట్టి వాన పడిందంటే ఆ పనంతా నీళ్ళపాలే. దీపావళి ముందు పోతే ప్రమిదల హడావుడిలో ఉంటారు, ఎండలు ముదిరితే నీళ్ళ కుండల గిరాకీ, పెళ్ళిళ్ళ సీజన్లో అరివేణి కుండలు, అంటే పెళ్ళిలో పూజకు పెట్టే కుండలు. నన్నడిగితే సంక్రాంతి దాటినాక, శివరాత్రి లోపల, పెళ్ళి ముహూర్తాలు లేని రోజులు చూసుకొని పోవడం మేలు, మీతో కూర్చుని మాట్లాడే తీరిక అప్పుడే ఉంటాది.

పోయినాక "ఎన్ని రోజుల్లో ఇస్తారు" అని కాదు, "ఆవం ఎప్పుడు పెడ్తారన్నా" అని అడగండి. ఒక్క కుండ కోసం ఎవరూ ఆవం పెట్టరు, నిండేంత సరుకు తయారైనాకే కాలుస్తారు, మీ కుండ సారె మీద నుంచి పొద్దున్నే దిగినా ఆ రోజు దాకా ఆగాల్సిందే.

తర్వాత కుండ వంటకా నీళ్ళకా అనేది ముందే చెప్పండి, చానామంది ఈడే తప్పు చేస్తారు. నీళ్ళ కుండ పలచగా ఉండాల, సన్నగా చెమ్మ పట్టాల, ఆ చెమ్మ గాలికి ఆరిపోతేనే నీళ్ళు చల్లబడేది, అందుకే పొడి ఎండలుండే మన సీమలో కుండ నీళ్ళు చల్లగా ఉన్నంతగా సముద్రం పక్క ఊర్లలో ఉండవు. వంట కుండకు మట్టిలో ఇసుక పాలు వేరేగా కలుపుతారు, మంటకు తట్టుకోవడానికి. సంగటికని చెప్తే ఇంకా మంచిది, తెడ్డు పెట్టి గట్టిగా కెలకాల కదా, మూతి వెడల్పుగా, అడుగు రవ్వంత మందంగా చేసిస్తారు. గ్యాస్ మీద నిలబడదని అడుగు చదునుగా చేయమంటారు కొందరు, నేనైతే వద్దంటా, చదును అడుగు మలుపు తిరిగే కాడ వేడికి తొందరగా పగులు తీస్తాది. గుండ్రటిదే తీసుకోండి, కింద పెట్టుకోవడానికి ఒక కుదురు కూడా అడగండి.

కాసేపు ఉండి పని చూడండి, కుండను చూసేది దానితోనే వస్తాది. సారె మీద నుంచి దించినప్పుడు అడుగు మందంగా ఉంటాది, కొంచెం గట్టిపడినాక ఎడమ చేత్తో లోపల గుండ్రాయి పట్టుకొని, కుడి చేత్తో బయట చెక్కతో తట్టుకుంటా తట్టుకుంటా గుండ్రంగా తెస్తారు, ఆ చెక్క దెబ్బలు వెలుతురులో ఏటవాలుగా పెట్టి చూస్తే కాలినాక కూడా కనపడతాయి. అచ్చులో పోసిన కుండకైతే నిలువునా అతుకు గీత ఉంటాది. ఇంకోటి, సారె కాడ కూర్చునేది ఎక్కువగా మగోళ్ళే గానీ మట్టి జల్లించడం, జాజు (ఎర్రమట్టి) పూయడం, ఎండకీ నీడకీ మార్చడం, సంతలో అమ్మడం చానా ఇళ్ళల్లో ఆడోళ్ళే చేస్తారు, కాబట్టి రేటు మాట్లాడేటప్పుడు అక్కను పక్కన పెట్టి అన్నతోనే మాట్లాడకండి.

కుండ చేతికొచ్చినాక వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖంగుమంటే బాగా కాలినట్లు, దబ్బుమని చచ్చిన శబ్దం వస్తే యాడో బీట ఉన్నట్లు లేదా సరిగ్గా కాలనట్లు. నల్ల మచ్చలు ఉంటే భయపడొద్దు, అది పొగ తగిలిన కాడ వచ్చేదే. తెల్ల చుక్కలను మాత్రం వదలొద్దు. మన పక్క నేలలో సున్నపురాయి ఎక్కువ, జల్లెడలో తప్పించుకున్న చిన్న సున్నపు బెడ్డ ఆవంలో కాలి ఉత్త సున్నమైతాది, తర్వాత చెమ్మ తగిలితే ఉబ్బి ఆ కాడ పెచ్చు లేస్తాది, కొన్న రోజు ఏమీ ఉండదు, కొన్ని రోజులకు గుంత పడ్తాది. పైన అద్దం మాదిరి మెరిసే రంగు పూసినవి వంటకు వద్దే వద్దు, కొన్నిట్లో సీసం ఉంటాది. జాజు ఎరుపుకు ఏమీ కాదు, అది మట్టే.

బేరం ఎక్కువ చేయకండి, ఆవంలో పెట్టినవన్నీ బాగా రావు, పోయినవాటి ఖర్చు కూడా మిగిలినవాటిమీదే పడాల. తెచ్చేటప్పుడు బైక్‌కు తగిలించొద్దు, "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని ఊరికే అన్లేదు (గుదియ అంటే దుడ్డుకర్ర), ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు.

ఇంటికొచ్చినాక ఒక రోజంతా నీళ్ళలో నాననియ్యండి. తీసి ఆరినాక లోపల చెనిక్కాయ నూనె పూసి, గంజో బియ్యం కడిగిన నీళ్ళో ముప్పాతిక దాకా పోసి సన్న మంట మీద పెట్టండి, మెల్లగా కాగి పొంగు రావాల, తర్వాత ఆపేసి దానంతట అదే చల్లారనియ్యండి. రెండు మూడు సార్లు చేస్తే గంజి సన్న రంధ్రాల్లోకి దిగి పూడుస్తాది. మొదట అన్నమే వండండి, చింతపండు పులుసు తర్వాత. కుండ వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోయొద్దు, తడిగా ఉన్న కడప బండ మీద దించొద్దు, కుదురు మీదో మడిచిన గోనెపట్ట మీదో పెట్టండి. ఖాళీ కుండను మంట మీద పెట్టొద్దు, ఇండక్షన్ మీద ఎట్లాగూ పనిచేయదు. సబ్బు వాడితే పీల్చుకుంటాది, టెంకాయ పీచు, బూడిద చాలు, కడిగినాక బోర్లించి పూర్తిగా ఆరనియ్యకపోతే బూజు పడ్తాది.

నీళ్ళ కుండ మీద కొన్నాళ్ళకు తెల్లగా పూత వస్తాది, అది మన బోరు నీళ్ళల్లో ఉప్పు, కుండది కాదు. రంధ్రాలు పూడుకొని చల్లదనం తగ్గుతాది కాబట్టి నిమ్మకాయ చెక్కతో రుద్ది కడగండి, అయినా చల్లబడకపోతే మార్చేయండి. కుండలో పోస్తే నీళ్ళు శుద్ధి అయిపోతాయని కొందరు చెప్తాంటారు, ఫ్లోరైడ్ ఉండే అనంతపురం ఊర్లల్లో ఆ మాట నమ్మకండి, కుండ చల్లబరుస్తాది అంతే, ఫ్లోరైడ్‌కు ఫిల్టర్ వేరే చూసుకోవాల్సిందే.