గది మూలలోనే ఇంటర్న్ నిలబడిపోతోందా? చైల్డ్ లైఫ్ సూపర్‌వైజర్లకు సమస్య - పరిష్కారం

అమెరికా, కెనడా పిల్లల ఆసుపత్రుల్లో చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ సూది వేయరు, మందివ్వరు. జరగబోయేది పిల్లాడికి వాడి వయసుకు తగ్గట్టు ముందే చెప్పి, బొమ్మ మీద చేసి చూపించి, జరుగుతున్నంతసేపూ పక్కనే ఉంటారు. 1955లో క్లీవ్‌లాండ్ సిటీ హాస్పిటల్లో ఎమ్మా ప్లాంక్ మొదలుపెట్టిన కార్యక్రమం ఈ వృత్తికి తొలి పునాదుల్లో ఒకటి. ఇప్పుడు సర్టిఫికేషన్ కావాలంటే కనీసం 600 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇంటర్న్‌ని చూసుకునే సూపర్‌వైజర్‌కి 4,000 గంటల ఉద్యోగానుభవం ఉండాలి. అయితే ఆ 4,000 గంటలూ పిల్లల మంచం పక్కన గడిచినవి. ఇంకో పెద్ద మనిషికి పని నేర్పుతూ గడిచినవి కావు. కింది తిప్పల్లో చాలావాటికి మూలం అక్కడుంది. అందుకే ఇంటర్న్‌లో లోపం వెతికే ముందు ఒకసారి మన వైపు చూసుకోవాలి.

సమస్య: వారాలు గడిచినా ఇంటర్న్ గోడకి ఆనుకుని చూస్తూనే ఉంది

"చొరవ లేదు" అని మూల్యాంకన ఫారంలో రాసేయడం తేలిక. కానీ ఆ గదిలో ఏం జరుగుతోందో చూడండి. నాలుగేళ్ల పిల్లాడికి ఐ.వి. (నరంలోకి మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టాలి. నర్సు ట్రే తెచ్చింది. ఇంటర్న్ నోరు తెరవబోయి రెండు క్షణాలు ఆగింది. ఆ రెండు క్షణాల నిశ్శబ్దం భరించలేక మీరే అందుకున్నారు: "కన్నా, ఇదిగో ఈ బుడగలు చూడు!" పిల్లాడికి మేలే జరిగింది. ఇంటర్న్‌కి మాత్రం తను మాట్లాడకపోయినా పని నడుస్తుందని తెలిసిపోయింది. ఇలా నాలుగైదు సార్లు జరిగితే ఎవరైనా గోడకే ఆనుకుంటారు.

విరుగుడు తలుపు బయటే మొదలవ్వాలి. లోపలికి వెళ్లకముందే పని పంచుకోండి. మొదటిసారి ఇంటర్న్ తల్లికి కూర్చునే తీరు మాత్రం చూపిస్తుంది: పిల్లాణ్ని ఒళ్లో ఎదురెదురుగా కూర్చోబెట్టుకుని, ఛాతీకి ఛాతీ ఆనించి, చెయ్యి మాత్రం పక్కకి చాపించడం. ఇంకోసారి సూది పడేటప్పుడు పిల్లాడితో ఒక్కరే మాట్లాడాలి, ఆ గొంతు ఆమెదే. ఆ తర్వాత చర్మాన్ని మొద్దుబార్చే క్రీమ్ గురించి నర్సుని ముందుగా అడగడం దగ్గర్నుంచి అంతా ఆమె పనే. కొన్ని క్రీములకి గంట పడుతుంది, కాబట్టి ఆ అడగడం ఆలస్యమైతే మిగతాదంతా గాడి తప్పుతుంది.

మీరు ఎప్పుడు కలగజేసుకుంటారో కూడా ముందే చెప్పండి. "పిల్లాడికి హాని జరిగేలా ఉంటేనే, లేదా నువ్వు నా వైపు తిరిగి చూస్తేనే నేను మాట్లాడతాను." ఆ మాట ఇచ్చాక నిలబెట్టుకోవడమే కష్టం. చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడటం కూడా సాధన చేయాల్సిన పనే. సూపర్‌వైజర్ల శిక్షణలో ఒకరు ఇంటర్న్‌గా, ఒకరు నర్సుగా నటిస్తూ చేయించాల్సిన అభ్యాసం ఏదైనా ఒకటుందంటే అది ఇదే.

సమస్య: ప్రతి పిల్లాడికీ ఒకే పాఠం అప్పజెపుతోంది

ఎం.ఆర్.ఐ. గురించి ఐదేళ్ల పాపకీ పన్నెండేళ్ల అబ్బాయికీ అదే వరసలో అవే వాక్యాలు. మీరు చేసింది చూసి బట్టీ పట్టింది, మీరు ఎందుకలా చేశారో ఎవరూ చెప్పలేదు. అనుభవం ఉన్నవాళ్లకి నిర్ణయాలు లోలోపలే జరిగిపోతాయి, బయటికి పని మాత్రమే కనిపిస్తుంది. గది నుంచి బయటికొచ్చాక మీ ఆలోచన పైకి చెప్పండి: "వాడు నా బొమ్మ వైపు చూడలేదు, తండ్రి మొహం చూశాడు. అందుకే ముందు తండ్రితో మాట్లాడాను." తర్వాతి గదికి ముందు ఆమెను అడగండి: ఈ పాపకి ఇప్పటికే ఏం తెలుసు? పోయినసారి ఎలా తట్టుకుంది? పక్కన ఎవరున్నారు? జవాబు లేకపోతే చార్టు చూసి, నర్సుని అడిగి వచ్చాకే గదిలోకి వెళ్లాలి.

సమస్య: మధ్యంతర మూల్యాంకనంలో ఇంటర్న్ బిత్తరపోయి ఏడ్చేసింది

అన్ని వారాలూ "బాగా చేశావు" అని, ఫారంలో మాత్రం తక్కువ మార్కులు వేస్తే ఇంకేమవుతుంది? చైల్డ్ లైఫ్‌లోకి వచ్చేవాళ్లు స్వతహాగా మెత్తని మనుషులు. పిల్లల్ని ఓదార్చే ఆ నోటితో పెద్దవాళ్లకి లోపం చెప్పడానికి తడబడతారు. షిఫ్టు చివర పది నిమిషాలు చాలు. మీరు కళ్లారా చూసినది ఒకటి, దానివల్ల పిల్లాడికి ఏమైందో ఒకటి, రేపు చేయాల్సింది ఒకటి చెప్పండి. "ఇంకాస్త ఆత్మవిశ్వాసం కావాలి" అనడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. "నువ్వు కట్టు విప్పుతామని తల్లికి చెప్పావు, పాపకి చెప్పలేదు. పాప చెయ్యి వెనక్కి లాక్కుంది" అంటే రేపు ఏం మార్చాలో ఆమెకే తెలుస్తుంది.

సమస్య: ఇద్దరు సూపర్‌వైజర్లు, రెండు దారులు

ఆంకాలజీ (క్యాన్సర్) వార్డులో ఒకరు ఇలా చెయ్యమంటే ఎమర్జెన్సీలో ఇంకొకరు అలా కాదంటారు, ఇద్దరత్తల మధ్య కోడల్లా ఇంటర్న్ నలుగుతుంది. వార్డు మారే ముందు ఆ ఇద్దరూ పావుగంట కూర్చుని ఏవి నియమాలో, ఏవి తమ తమ అలవాట్లో విడదీసుకుంటే చాలు.

సమస్య: ఏమడిగినా "బాగానే ఉన్నాను" అంటోంది

వార్డులో ఒక బిడ్డ పోయింది. ఇంటర్న్ ఆ తల్లిదండ్రుల కోసం బిడ్డ అరచేతి ముద్ర తీయడంలో చెయ్యి వేసింది. మర్నాడు ఎప్పటిలాగే వచ్చింది, నవ్వింది. మీరు "ఎలా ఉన్నావు?" అన్నారు, ఆమె "ఫైన్" అంది. నిజం చెబితే బలహీనురాలినని రాస్తారేమోనన్న భయం ఆమెది. మార్కులు వేసేదీ మీరే, మనసు విప్పమనేదీ మీరే. ఈ చిక్కు పూర్తిగా పోదు, తగ్గించగలం అంతే. మూల్యాంకనంతో సంబంధం లేని ఇంకో స్పెషలిస్ట్‌ని ఆమెకి తోడుగా పెట్టండి. మీరిద్దరూ వారానికో గంట మాట్లాడుకోవడం మంచిచెడులతో పనిలేకుండా జరగాలి. పెద్ద సంఘటన జరిగినప్పుడే పిలిస్తే పిలవడమే శిక్షలా అనిపిస్తుంది. ప్రశ్న కూడా సూటిగా ఉండాలి: "ఇంటికెళ్లాక నిన్నటి గదిలోంచి ఏది గుర్తొచ్చింది?" ఆ తర్వాత వినండి. ఆమెకి మీరు సైకాలజిస్ట్ కాదు. నిద్ర పట్టడం లేదంటే ఆసుపత్రి లేదా యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి దారి చూపండి.

సమస్య: తెలుగు వచ్చిన ఇంటర్న్‌ని అందరూ దుబాసీగా వాడుకుంటున్నారు

డల్లాస్ వైపో న్యూజెర్సీలోనో, ఆపరేషన్ కోసం వచ్చిన పిల్లాడి అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. "నీకు తెలుగొచ్చుగా, సమ్మతి పత్రం కాస్త చెప్పేయ్" అంటారు. వద్దు. అర్హత ఉన్న అనువాదకుల్ని ఏర్పాటు చేయడం అమెరికా చట్టం ప్రకారం ఆసుపత్రి బాధ్యత. దగ్గర్లో ఉన్నారు కదా అని ఎవరో ఒకరితో కానివ్వకూడదు. ఫోన్లోనో వీడియోలోనో అనువాదకుణ్ని రప్పించే పని మీరు తీసుకోండి, కాదని చెప్పే భారం ఆమె మీద పడనివ్వకండి. ఆ పిల్లాడితో తెలుగులో ఆడుకోవడం వేరు, అది ఆమె పనిలో భాగమే.

సమస్య: ఇంటర్న్ పాసవడం కష్టమని తెలుస్తోంది, చెప్పడానికి నోరు రావడం లేదు

"ఇంకో వారం చూద్దాం" అంటూ చివరి వారం దాకా లాగుతారు. 600 గంటలు కనీస లెక్క మాత్రమే, గంటలు నిండినంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. అనుమానం వచ్చిన వారమే కాగితం మీద పెట్టండి: ఏం కనిపించాలి, ఏ తేదీకల్లా, మీరేం సాయం చేస్తారు, కనిపించకపోతే ఏమవుతుంది. ఇద్దరూ సంతకం చేయండి. కాపీ యూనివర్సిటీ కోఆర్డినేటర్‌కి అదే రోజు పంపాలి.