తెలంగాణలో ఫ్లాట్ రిజిస్ట్రేషన్: అడ్వాన్సుకు ముందే చూసుకోవాల్సిన ధరలు, పన్నులు

అమ్మేవాళ్లు చెప్పే రేటు వేరు, ప్రభుత్వం ఆ ప్రాంతానికి ఖరారు చేసిన మార్కెట్ విలువ వేరు. ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద స్టాంపు డ్యూటీ పడుతుంది. అందుకే అడ్వాన్సు ఇచ్చేలోపే రెండూ తెలుసుకోవాలి.

ప్రభుత్వ విలువ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఫ్లాటుకు చదరపు అడుగు లెక్క. విడి ఇంటికైతే స్థలానికి గజం లెక్క, కట్టడానికి వేరే లెక్క. అసలు రేటు తెలియాలంటే అదే సైట్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) తీయండి. ఆస్తి మీద తాకట్టు ఉందేమోనని చూడటానికే చాలామంది ఈసీ తీస్తారు. కానీ అందులో ప్రతి లావాదేవీ పక్కనా మార్కెట్ విలువ, దస్తావేజులో రాసుకున్న ధర రెండూ కనిపిస్తాయి. అదే అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య అమ్ముడైన ఫ్లాట్ల ఈసీలు చూస్తే బేరమాడటానికి ఆధారం దొరుకుతుంది. కొందరు ధర తగ్గించి రాయిస్తారు కాబట్టి ఇరుగుపొరుగునూ అడగండి.

ఇక ఖర్చు. 2021 జూలై 22 నుంచి అమలైన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం. మొత్తం 7.5. ఫ్లాటు 60 లక్షలు, ప్రభుత్వ విలువ 45 లక్షలు అనుకుందాం. 60 లక్షల మీద 4,50,000 రూపాయలు కట్టాలి.

ఇక్కడే మధ్యవర్తులు ఒక సలహా ఇస్తారు: 45కే రాయిద్దాం, మిగతాది క్యాష్‌గా ఇచ్చేయండి అని. దయచేసి ఒప్పుకోకండి. ఆ 15 లక్షలు ఇచ్చినట్టు మీ చేతిలో కాగితం ఉండదు. రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధర 45గానే లెక్కకొచ్చి, లాభం ఎక్కువగా తేలి పన్ను పెరుగుతుంది. దస్తావేజు ధర ప్రభుత్వ విలువ కంటే కూడా 10 శాతానికి మించి తగ్గితే, ఆ తేడాను కొన్నవాళ్ల ఆదాయంగా లెక్కగట్టి పన్ను అడుగుతారు.

ధర గానీ ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందుగానే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను) పట్టుకోవాల్సింది కొనేవాళ్లే. అడ్వాన్సుతో సహా ఇచ్చే ప్రతి మొత్తంలోనూ పట్టుకుని, ఆ నెల ముగిశాక 30 రోజుల్లోపు ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో కట్టాలి. పై లెక్కలో 60,000 ప్రభుత్వానికి, 59,40,000 అమ్మినవాళ్లకు. ఇది అదనపు ఖర్చు కాదు, వాళ్ల డబ్బులోంచే పోతుంది. అమ్మేవాళ్లు ఎన్నారైలైతే రేటు చాలా ఎక్కువ, ఆడిటర్‌ని అడగకుండా ముందుకెళ్లొద్దు.

బిల్డర్ దగ్గర కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కొంటే జీఎస్టీ 5 శాతం. హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం), 45 లక్షలు దాటని ఇంటికి 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం) వచ్చాక కొన్నదానికి, పాత ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు.

దరఖాస్తు విషయానికొస్తే, ముందు ఆ సర్వే నంబరు నిషేధిత ఆస్తుల (రిజిస్ట్రేషన్ చేయకూడనివాటి) జాబితాలో లేదని చూసుకోండి. తర్వాత దస్తావేజు రాయించి, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించి, ఈ-చలానా కట్టి స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ రోజు ఇరుపక్షాలూ, ఇద్దరు సాక్షులూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. ఆధార్, పాన్, లింక్ డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు), ఆస్తి ఫొటోలు, చలానా అన్నీ ఒరిజినల్స్‌తో దగ్గర ఉండాలి. సంతకాలు చేసిన దస్తావేజును 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి.

పని అయ్యాక మళ్లీ ఒకసారి ఈసీ తీసి మీ పేరు, ఫ్లాట్ నంబరు, విస్తీర్ణం సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. మున్సిపాలిటీ ఆస్తి పన్ను రికార్డులోనూ పేరు మారిందో లేదో చూసుకుని, పాత బకాయిలుంటే అమ్మినవాళ్లకు చివరి చెక్కు ఇవ్వకముందే తేల్చుకోండి.