అదనపు డైమెన్షన్‌తో విశ్వ త్వరణం – 3వ పాఠం: విస్తరణ రేటును చేత్తో లెక్కకట్టడం

విశ్వ విస్తరణ వేగం పుంజుకోవడాన్ని అదనపు డైమెన్షన్‌తో వివరించే ఈ మోడల్‌ను 2000లో ద్వాలీ, గబదాద్జే, పొరాటీ ప్రతిపాదించారు. ఇందులో మన విశ్వం ఆ అదనపు డైమెన్షన్‌లో తేలే మూడు డైమెన్షన్ల పొర. ద్రవ్యం, కాంతి ఈ పొరకే అతుక్కుని ఉంటాయి; గురుత్వం మాత్రం అనంతంగా సాగిన అదనపు డైమెన్షన్‌లోకి జారిపోతుంది. ఆ జారుడు బయటపడే దూరాన్ని ‘దాటుడు దూరం’ అందాం. దానికి బాగా లోపల ఆకర్షణ బలం దూరపు వర్గానికి విలోమంగా, బాగా అవతల ఘనానికి విలోమంగా తగ్గుతుంది. డైమెన్షన్ అతిచిన్నగా చుట్టుకుని ఉంటే ఈ పాఠంలోని లెక్క వర్తించదు.

సమతల విశ్వానికి సూత్రం ఇది:

వే = √(మ × (1+ర)³ + ద²) + ద

‘వే’ అంటే అప్పటి విస్తరణ రేటును నేటి రేటుతో భాగిస్తే వచ్చేది. ‘మ’ నేటి ద్రవ్యం వాటా, ‘ర’ రెడ్‌షిఫ్ట్ (విస్తరణ వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే అంకె; ఎక్కువైతే అంత పాత కాలం, నేటికి 0), ద = (1−మ)/2.

మ = 0.3 తీసుకోండి. ద = 0.35, ద² = 0.1225. ముందుగా ర = 0 వేయండి: √0.4225 = 0.65, దానికి 0.35 కలిపితే సరిగ్గా 1. ఈ తనిఖీ ఎప్పుడూ మానకండి. చివరి ‘ద’ను కలపాల్సింది పోయి తీసేస్తే 0.3 వస్తుంది. ఆ మైనస్ గుర్తు సమీకరణపు రెండో శాఖది; అందులో త్వరణం దానంతట అది పుట్టదు.

ఇప్పుడు ర = 1. 0.3 × 8 = 2.4, √2.5225 = 1.588; వే = 1.938. విశ్వ స్థిరాంకం (ఖాళీ ప్రదేశానికే ఉండే, మారని శక్తి) ఉన్న మామూలు మోడల్‌లో √(2.4+0.7) = 1.761. పది శాతం తేడా! సూపర్‌నోవా దూరాలు ఈ రేటు విలోమాన్ని కూడితే వచ్చేవే కాబట్టి తేడా నేరుగా కొలతల్లో కనిపించాలి.

ద్రవ్యం పూర్తిగా పలచబడ్డాక ‘వే’ 2ద దగ్గర, అంటే 0.7 దగ్గర నిలిచిపోతుంది. రేటు స్థిరపడితే విస్తరణ ఘాతీయం. త్వరణం ఇక్కడే ఉంది, డార్క్ ఎనర్జీ (త్వరణానికి కారణంగా మామూలుగా ఊహించే అదృశ్య శక్తి) ఒక్క చుక్క కూడా కలపలేదు. దాటుడు దూరం హబుల్ దూరానికి (కాంతి వేగాన్ని నేటి విస్తరణ రేటుతో భాగిస్తే వచ్చేది) 1/0.7 రెట్లు. హబుల్ స్థిరాంకం, అంటే నేటి విస్తరణ రేటు, మెగాపార్సెక్‌కు సెకనుకు 70 కిలోమీటర్లు అయితే సుమారు 2,000 కోట్ల కాంతి సంవత్సరాలు.

ఇంత అందమైన ఆలోచన కొలతల దగ్గర ఓడింది. దీన్ని డార్క్ ఎనర్జీ భాషలోకి మారిస్తే నేటి పీడన-సాంద్రత నిష్పత్తి −1/(1+మ), అంటే −0.77. పరిశీలనలు −1 చుట్టూ తిరుగుతాయి. ‘మ’ను 0.2 దాకా దించి సూపర్‌నోవాలకు సర్దితే విశ్వ మైక్రోవేవ్ నేపథ్యంతో (తొలినాటి విశ్వం నుంచి మిగిలిన కాంతి కొలతలతో) పేచీ వస్తుంది. దానికి తోడు, త్వరణమిచ్చే శాఖలో ఋణ గతిశక్తి గల ‘ఘోస్ట్’ కంపనం ఉంది. అది సిద్ధాంతాన్నే అస్థిరం చేస్తుంది.

అభ్యాసం: ర = 0.5కి రెండు మోడళ్లలో ‘వే’ కనుక్కోండి. 1.415, 1.309 రావాలి.