రెండో కుందేలు తెచ్చాక కొట్టుకుంటున్నాయా? ఎక్కడ తేడా వచ్చిందో ఇలా చూడండి

మా గుండుగాడు ఒక్కడే బిక్కుబిక్కుమంటున్నాడని వాడికి తోడుగా చిట్టిని తెచ్చాం. తెచ్చిన సాయంత్రమే ఇద్దర్నీ ఒకే కేజ్‌లో పెట్టేశాం, తోడు దొరికింది కదా సంబరపడతాడు అనుకున్నాం, రెండు నిమిషాల్లో కేజ్ నిండా బొచ్చు, చిట్టి చెవి మీద గాటు. అప్పుడు విడదీసి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడితే కలవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఉచ్చ, పెంటికలు వేసే ఒకే ట్రేలో పక్కపక్కనే కూర్చుని గడ్డి నములుతారు. రెండ్రోజులు కొట్టుకోగానే కొత్తదాన్ని వెనక్కి ఇచ్చేసేవాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పు కుందేలుది కాదు, మనం పెట్టిన చోటుది.

సమస్య: ఎదురుపడగానే మీదపడి కొరుకుతోంది

కారణం జాగా. పాత కుందేలు లెక్కలో ఆ కేజ్, ఆ గది, ఆ మూల అన్నీ దానివే, గడ్డం కింద ఉండే గ్రంథితో ప్రతి వస్తువుకీ రుద్ది తన వాసన పూసుకుని ఉంటుంది. అక్కడికి కొత్తది వస్తే దానికి తోడు వచ్చినట్టు ఉండదు, దొంగ దూరినట్టు ఉంటుంది.

ముందు కొత్తదాన్ని 2 వారాలు వేరే గదిలో ఉంచండి, జబ్బులేమైనా ఉంటే ఈలోపు బయటపడతాయి. తర్వాత రెండు కేజ్‌లు పక్కపక్కన పెట్టండి, కానీ మధ్యలో నాలుగు వేళ్ళ సందు వదలండి, ఆనించి పెడితే కడ్డీల మధ్యలోంచి ముక్కులు కొరికేసుకుంటాయి. రోజుకోసారి దీని ట్రే దాని కేజ్‌లోకి, దాని గుడ్డ దీని కేజ్‌లోకి మార్చండి. కొత్తిమీర, గడ్డి రెండువైపులా ఒకేసారి సందు దగ్గరే పెడితే ఎదురెదురుగా తినడం అలవాటవుతుంది. కడ్డీల దగ్గరకొచ్చి పక్కపక్కన పడుకోవడం మొదలెట్టాయంటే అప్పుడు కలపొచ్చు, అది కూడా ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ అడుగుపెట్టని చోట. మేం పక్క ఫ్లాట్ ఆంటీ వాళ్ళ ఖాళీ గది అడిగాం. బాత్రూమ్ అయినా పర్లేదు కానీ టైల్స్ మీద కాళ్ళు జారితే భయపడి ఇంకా రెచ్చిపోతాయి, అందుకని పాత జంపఖానా ఏదైనా పరవండి. మొదట్లో రోజుకి 10-15 నిమిషాలు చాలు, గొడవ మొదలయ్యేదాకా ఆగకుండా బాగున్నప్పుడే ఆపేయండి.

వెంటపడటం, చిన్న గిల్లుడు, కాస్త బొచ్చు ఊడటం, వీటికి కంగారుపడి మధ్యలో దూరకండి, ఎవరు పెద్దో అవి తేల్చుకోవాలి. చెవులు వెనక్కి అతుక్కుపోయి, తోక లేచి, గుర్రుమని అరిచి, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి బొంగరంలా తిరిగాయంటే మాత్రం వెంటనే విడదీయాలి. ఒట్టి చేతులు పెట్టకండి, నాకు బొటనవేలి మీద ఇంకా మచ్చ ఉంది. ప్లాస్టిక్ చేట ఒకటి పక్కన పెట్టుకుని మధ్యలో అడ్డం పెట్టండి, పైన మందం టవల్ వేయండి.

సమస్య: అన్నీ చేశాం, అయినా ఒకదాని మీద ఒకటి ఎక్కడం, కొట్టుకోవడం ఆగట్లేదు

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? చేయించకపోతే మిగతా చిట్కాలన్నీ పక్కన పెట్టేయండి. మగవి నాలుగో నెల దగ్గర్నుంచి, ఆడవి ఐదారు నెలలకి చేయించొచ్చు. ఆడదానికి ఎందుకులే అనుకోకండి, ఆపరేషన్ లేని ఆడ కుందేళ్ళకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. కుక్కలు పిల్లులు చూసే డాక్టర్లందరికీ కుందేళ్ళ మత్తు మీద అలవాటు ఉండదు, ఇంతకుముందు చేశారా అని మొహమాటం లేకుండా అడగండి. ఇంకోటి, ఆపరేషన్‌కి ముందు కడుపు మాడ్చమని ఎవరైనా చెప్తే వినకండి, కుందేలుకి వాంతి అవ్వదు, పైగా పేగులు ఆగిపోతే ప్రాణాల మీదికొస్తుంది.

ఆపరేషన్ అయిన మర్నాడే కలపకూడదు, మగదానిలో 6 వారాల దాకా పిల్లల్ని పుట్టించే శక్తి ఉంటుంది, హార్మోన్లు తగ్గడానికీ అంతే పడుతుంది. ఆ తర్వాత కూడా కాస్త ఎక్కడం ఉంటుంది, అది పెత్తనం కోసం, కొన్ని సెకన్లలో దిగిపోతే వదిలేయండి. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం దించేయండి, కిందున్నది భయపడి పొట్ట కింద కొరికిందంటే పెద్ద గాయమవుతుంది.

సమస్య: షాపులో రెండూ ఆడవే అన్నారు, ఇప్పుడు ఒకటి బొచ్చు పీకి గూడు కడుతోంది

చిన్న పిల్లల్లో ఆడామగా చెప్పడం నిజంగానే కష్టం, మగవాటికి బీజాలు రెండున్నర మూడు నెలలకి గానీ దిగవు, దిగినా లోపలికి లాగేసుకోగలవు. షాపువాళ్ళు చెప్పారని పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు కూర్చోకుండా ఒకసారి డాక్టర్‌కి చూపించండి. మగదైతే ఈ రోజే విడదీయండి, రేపు కాదు, ఎందుకంటే కడుపు నెల రోజులే, పైగా ఈనిన రోజే మళ్ళీ కట్టగలదు. రెండూ నిజంగా ఆడవే అయితే అది ఉత్తుత్తి కడుపు అయ్యుండొచ్చు, రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది, అప్పటిదాకా గూడు పీకేయకండి, చిరాకు మీద ఉంటుంది కాబట్టి కలిపే పని కూడా ఆపండి.

మూడు నెలల దాకా కలిసి పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు హఠాత్తుగా కొట్టుకోవడం కూడా ఇదే కథ, వయసుకొచ్చాయి, ఆపరేషనే మందు.

సమస్య: కలిపే పని మొదలెట్టాక ఒకటి తిండి మానేసింది

ఇక్కడ ఆలస్యం వద్దు. బెదురుకి కుందేలు పేగులు ఆగిపోతాయి, 10-12 గంటలు తినలేదన్నా పెంటికలు వేయలేదన్నా రాత్రయినా సరే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాలి. కొరికిన గాట్లు కూడా బొచ్చు కింద కనపడవు, ప్రతిసారీ వేళ్ళతో తడిమి చూడండి, చీము పట్టిందంటే అది పేస్ట్‌లా గట్టిగా ఉంటుంది, దానంతటది కారిపోదు. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోట్లో పోయకండి, మనకి మందే గానీ కుందేలు కడుపులోని మంచి క్రిముల్ని చంపి దాన్నే చంపేస్తుంది.

ఎండాకాలం గురించి కూడా చెప్పాలి. 30 డిగ్రీలు దాటితేనే వీటికి కష్టం, మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది, ఆ వేడిలో తరుముకుంటే వడదెబ్బే. ఏసీ గది లేకపోతే వర్షాలు పడ్డాకే మొదలుపెట్టండి.

సమస్య: కొట్టుకోవట్లేదు, కానీ ఒకదాన్నొకటి పట్టించుకోవట్లేదు

ఇది సమస్యే కాదండి, మంచి గుర్తు. వీపు చూపించి తన మానాన తాను తింటోందంటే అవతలిదాని భయం లేదన్నమాట. కాసేపటికి ఒకటి తల నేలకి ఆనించి నాకు, నాకు అన్నట్టు ముందుకి పెడుతుంది, రెండోది నాకిందంటే దారిలో పడ్డట్టే.

ఇంటినిండా చుక్కలు చుక్కలుగా ఉచ్చ, పెంటికలు కనిపిస్తే అది హద్దులు గీసుకోవడం, ఒక ట్రే అదనంగా పెట్టండి, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

సమస్య: ఏడాదిగా కలిసున్నాయి, ఒకదాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళొచ్చాక కొట్టుకుంటున్నాయి

ఆస్పత్రి వాసన తెచ్చుకుంది, ఇంట్లో ఉండిపోయింది దాన్ని గుర్తుపట్టట్లేదు. కేజ్‌లు పక్కపక్కన పెట్టి, గుడ్డలు మార్చుకుంటూ కొన్ని రోజులు పాత పద్ధతే చేయండి, మొదటిసారంత టైమ్ పట్టదు. ఇప్పుడు మేం గుండుగాడికి పన్ను నొప్పి వచ్చినా చిట్టిని కూడా అదే బుట్టలో కూర్చోబెట్టి తీసుకెళ్తాం, దారిపొడుగునా అది వాడి చెవులు నాకుతూనే ఉంటుంది.